34 ఏళ్లకే గర్భసంచి తీయించుకోవాలా?

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ముందు చెబుతాను, తప్పుంటే దిద్దండి.

మీకు 34 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, రెండూ పెద్దాపరేషన్లే. రెండో కాన్పుతోపాటే, 24 ఏళ్లకు, కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ కూడా చేశారు. ఏడాదిన్నరగా నెలసరి ఎనిమిది, తొమ్మిది రోజులు ఉంటోంది, రక్తం గడ్డలుగా పడుతోంది. తెల్లబట్ట, నడుము నొప్పి కూడా ఉన్నాయి. స్కానింగ్‌లో గర్భసంచి కొంచెం పెద్దదిగా ఉందని, లోపలి పొర 12 మిల్లీమీటర్లు ఉందని, గోడలో 2 సెంటీమీటర్ల గడ్డ ఉందని రాశారు. హిమోగ్లోబిన్ 8.2. చూపించుకున్న చోట ‘గర్భసంచి, అండాశయాలు అన్నీ ఒకేసారి తీసేద్దాం, ఇక క్యాన్సర్ భయమే ఉండదు’ అన్నారు. పత్తి ఏరే పనులు మొదలయ్యేలోపు చేయించేసుకుంటే మంచిదని మీ అత్తగారు అంటున్నారు. మీ అక్కకు ఏడేళ్ల కిందట, 32 ఏళ్ల వయసులో, ఇలాగే అన్నీ తీసేశారు. ‘అక్కకు ఏమీ కాలేదు, మోకాళ్ల నొప్పులు, ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం తప్ప’ అని రాశారు.

ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. దాని గురించి తర్వాత చెబుతాను.

నేను స్త్రీల వైద్యురాలిని. 31 ఏళ్లుగా ఇదే పని, అందులో ఎక్కువ కాలం ప్రభుత్వ ఆసుపత్రులలో. గర్భసంచి ఆపరేషన్లు నేనూ వందల కొద్దీ చేశాను. కాబట్టి ఆ ఆపరేషనే చెడ్డదని చెప్పే మనిషిని కాను. మీరు రాసిన వివరాలను బట్టి మాత్రం ఆపరేషన్‌కు ఇప్పుడే రోజు ఖాయం చేసుకోవద్దు. మీకు రక్తం ఎందుకు పోతోందో ఇంతవరకు ఎవరూ కనుక్కోలేదు. మందుతో ఒక్కసారి కూడా ప్రయత్నం జరగలేదు. ఈ రెండూ కాకముందే అవయవాన్ని తీసేయడం తొందరపాటు.

ఈ తొందర మీ ఒక్క ఇంటిది కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. తెలుగు ఆడవాళ్ల గర్భసంచులకు మాత్రమే ప్రత్యేకంగా వచ్చే జబ్బేదీ లేదు. మనకు ఉన్నది ఒక అలవాటు. పద్దెనిమిది, ఇరవై ఏళ్లకు పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికలోపే కు.ని. ఆపరేషన్. ఆ తర్వాత గర్భసంచి ‘పని అయిపోయిన సంచి’ అయిపోతుంది. కొంచెం ఇబ్బంది పెట్టగానే ‘ఇక దానితో పనేముంది, తీసేయండి’ అని ఇంట్లోవాళ్లే అడుగుతారు. ఆసుపత్రిలో కాదనేవాళ్లు తక్కువ. మీ అత్తగారిని తప్పుపట్టడం లేదు. ఆవిడ మీ మేలు కోరే అంటున్నారు. ఆవిడ చుట్టూ ఉన్నవాళ్లంతా అదే చేశారు.

ఇప్పుడు మీ స్కానింగ్ కాగితం చూద్దాం. అందులో భయపడాల్సినంత ఏమీ నాకు కనిపించలేదు.

గర్భసంచి పెద్దదిగా ఉందన్నారు. రెండు కాన్పులైన గర్భసంచి, కాన్పు కాని దానికంటే పెద్దదిగానే ఉంటుంది. గోడ ఒకవైపు బాగా మందంగా ఉండి, నెలసరిలో విపరీతమైన నొప్పి కూడా ఉంటే అప్పుడు అడినోమయోసిస్ ఉందేమోనని చూడాలి. లోపలి పొర గోడ కండరంలోకి చొచ్చుకుపోయే జబ్బు అది. మీరు నొప్పి గురించి పెద్దగా రాయలేదు.

లోపలి పొర 12 మిల్లీమీటర్లు. ‘పొర మందమైపోయింది’ అన్న మాట విని ఎంతోమంది కళ్లలో నీళ్లతో నా దగ్గరకు వచ్చారు. ఆ పొర పైరులాంటిది. నెలసరి అయిపోగానే 3, 4 మిల్లీమీటర్లు ఉంటుంది. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్‌తో రోజురోజుకూ పెరిగి, తర్వాతి నెలసరి ముందుకు 12, 14 అవుతుంది, ఇంకొంచెం ఎక్కువ కూడా కావచ్చు. తర్వాత రాలిపోతుంది. అందుకే స్కానింగ్ ఏ రోజు తీశారన్నది ముఖ్యం. మీది నెలసరి మొదలైన 22వ రోజున తీశారని రాశారు. 22వ రోజున 12 ఉండటం సహజం. నెలసరి పూర్తిగా ఆగిపోయిన స్త్రీకి మళ్లీ రక్తం కనబడి, పొర 4 మిల్లీమీటర్లు దాటి ఉంటే అది వేరే సంగతి, దాన్ని తేలికగా తీసుకోకూడదు. ఆ లెక్కను 34 ఏళ్ల మీకు వర్తింపజేయకూడదు.

2 సెంటీమీటర్ల గడ్డ. ఇది ఫైబ్రాయిడ్, అంటే కండరపు గడ్డ. నలభై దాటేసరికి చాలామంది స్త్రీలలో ఒకటో రెండో ఉంటాయి, వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. గడ్డ ఎంత పెద్దదన్నదానికంటే ఎక్కడ ఉందన్నది చూడాలి. లోపలి పొర కింద ఉండి గర్భసంచి లోపలికి పొడుచుకు వస్తే, చిన్నదైనా రక్తం ఎక్కువగా పోతుంది. దాన్ని పొట్ట కోయకుండా, కింది నుంచి సన్నటి గొట్టం పంపి తీసేయవచ్చు. గోడలోనో బయటివైపో ఉన్న చిన్న గడ్డ అయితే ఊరికే పడి ఉంటుంది. మీ కాగితంలో ‘గోడలో’ అని ఉంది. అది క్యాన్సర్‌గా మారుతుందన్న భయంతో మాత్రం నిద్ర పోగొట్టుకోకండి. ఫైబ్రాయిడ్ల రూపంలో క్యాన్సర్ బయటపడటం చాలా అరుదు, అదీ ఎక్కువగా వయసు మళ్లినవారిలో.

కాగితంలో లేని ఒక విషయం నేను అడగాలి. నెలసరి ఎర్రగా నాలుగైదు రోజులు వచ్చి, తర్వాత మరో నాలుగు రోజులు నల్లగా, మరకలుగా కొనసాగుతుందా? అలాగైతే పెద్దాపరేషన్ కుట్టు ఉన్న చోట గర్భసంచి లోపలివైపు చిన్న గుంట పడి ఉండవచ్చు. నెలసరి రక్తం కొంత అందులో నిలిచి, ఆలస్యంగా కారుతుంది. మన దగ్గర పెద్దాపరేషన్లు పెరిగినకొద్దీ ఇదీ ఎక్కువగా కనబడుతోంది. 2019–21 సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం పెద్దాపరేషన్లే మరి. నెలసరి అయిన వెంటనే లోపలి స్కానింగ్, అంటే యోని ద్వారా చేసేది, తీయించి ‘పాత కుట్టు దగ్గర గుంట ఉందేమో చూడండి’ అని అడగండి.

రెండు పెద్దాపరేషన్లు అయ్యాయి కాబట్టి ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. ఆ కోతలు మానేటప్పుడు మూత్రాశయం గర్భసంచి ముందు గోడకు అతుక్కుపోయి ఉండవచ్చు. గర్భసంచి తీసేటప్పుడు దాన్ని విడదీయాలి. అనుభవం ఉన్న చేతులకు అది సాధ్యమే. కానీ మూత్రాశయానికి గాయమయ్యే అవకాశం మామూలు కాన్పులైన వారికంటే మీకు ఎక్కువ. ‘అరగంట పని’ అని చెప్పినవాళ్లు ఈ మాట చెప్పారా?

ఇక హిమోగ్లోబిన్. మీ కాగితాలన్నింటిలో నన్ను నిజంగా కలవరపెట్టింది ఈ 8.2 ఒక్కటే. దానికి మందు రాయలేదని మీరే అంటున్నారు. ‘గర్భసంచి తీస్తే రక్తం అదే పెరుగుతుంది’ అన్నారట. నడుము నొప్పి, నీరసం, మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, చికాకు, వీటిలో చాలా భాగం రక్తహీనత వల్లే కావచ్చు. ఒకావిడ నా ఎదురుగా కూర్చుని ‘గర్భసంచి నన్ను తినేస్తోందమ్మా’ అంది. చెయ్యి తిప్పి చూస్తే అరచేతి గీతల్లో కూడా ఎరుపు లేదు. గోళ్లు మధ్యలో పళ్లెంలా గుంటపడి ఉన్నాయి. పొలంలో మట్టిబెడ్డలు, ఇంట్లో పచ్చి బియ్యం నములుతున్నానని సిగ్గుపడుతూ చెప్పింది. ఇనుము పూర్తిగా అడుగంటినప్పుడు పుట్టే తిండి యావ అది. ఆమెకు ముందు ఇనుము సూదులు నరం ద్వారా ఎక్కించి, రక్తం తగ్గే మాత్రలు ఇచ్చాం. రెండు నెలల తర్వాత నడుము నొప్పి గురించి నేను అడిగేదాకా ఆమెకు గుర్తే లేదు. గర్భసంచి ఎక్కడిదక్కడే ఉంది.

కాబట్టి రేపటి నుంచే చేయాల్సింది ఇది. డాక్టరుతో ఐరన్ మాత్ర రాయించుకుని, ఖాళీ కడుపున లేదా భోజనానికి బాగా ముందు, నిమ్మరసంతో వేసుకోండి. టీ, కాఫీ, పాలు, క్యాల్షియం మాత్ర, వీటికి రెండు గంటల దూరం పాటించండి. విరేచనం నల్లగా వస్తుంది, కంగారు పడకండి. మాత్ర పడకపోతే మానేయకుండా సూది అడగండి, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఇస్తారు. రక్తం మామూలు స్థాయికి వచ్చాక కూడా మూడు నెలలు మాత్రలు ఆపకూడదు, లోపలి నిల్వలు నిండాలి. వీటితోపాటు థైరాయిడ్ పరీక్ష ఒకటి చేయించండి. థైరాయిడ్ మందగిస్తే నెలసరి ఎక్కువ కావడం మామూలే, అది రోజూ వేసుకునే ఒక్క మాత్రతో సర్దుకుంటుంది. చిన్నప్పటి నుంచి ముక్కు వెంట రక్తం, పన్ను పీకితే ఆగని రక్తం, కాన్పులో విపరీతమైన రక్తస్రావం ఉన్నవారైతే రక్తం గడ్డకట్టే పరీక్షలు కూడా అవసరం.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. రెండు నెలలపాటు నెలసరి ఏ రోజు మొదలైందో, ఏ రోజు ఎన్ని ప్యాడ్లు మార్చారో, ఎన్ని పూర్తిగా తడిశాయో, రూపాయి బిళ్లంత గడ్డలు ఎన్ని పడ్డాయో రాయండి. మామూలుగా ఒక నెలసరిలో పోయేది 30, 40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువ కింద లెక్క. దాన్ని ఎవరూ గిన్నెలో కొలవలేరు, మీ నోటుపుస్తకమే కొలత. ‘చాలా పోతోందమ్మా’ అన్న మాటకంటే ఆ పుస్తకం డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

మందుల విషయానికి వస్తే, మొదటి మెట్టు నెలసరి రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్. అది హార్మోను కాదు, రక్తం పోవడాన్ని దాదాపు సగానికి తగ్గించగలదు. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టినవారు వాడకూడదు. నొప్పి కూడా ఉంటే మెఫెనమిక్ యాసిడ్. నెలసరి క్రమం తప్పి ఉంటే హార్మోను మాత్రలు ఇస్తారు. బీపీ ఉన్నా, పార్శ్వపు తలనొప్పి ఉన్నా ముందే చెప్పాలి.

వీటితో లొంగకపోతే హార్మోను లూప్ ఉంది. చాలా గర్భసంచులను కాపాడిన వస్తువు అది. దాని పేరెత్తగానే వచ్చే ప్రశ్న నాకు కంఠతా వచ్చు: ‘నాకు పిల్లల ఆపరేషన్ అయిపోయింది కదమ్మా, ఇక లూప్ ఎందుకు?’ ఇది పిల్లలు పుట్టకుండా వేసేది కాదు, మీకు మందుగా వేసేది. కాపర్-టీ వేరు, దానితో రక్తస్రావం ఎక్కువ కావచ్చు. హార్మోను లూప్ లోపల కూర్చుని, పొర మీదే కొద్దికొద్దిగా మందు వదులుతుంది. పొర పలచబడుతుంది, రక్తం బాగా తగ్గుతుంది, కొందరికి నెలసరి కనబడకుండానే పోతుంది. అయిదేళ్లకు తక్కువ కాకుండా పనిచేస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు మాత్రం మరకలు మరకలుగా చికాకు పెడుతుంది. ఈ మాట ముందే చెప్పకపోతే రెండో నెలలోనే తీయించేసుకుంటారు, అందుకే ఇంతగా చెబుతున్నాను. నెలసరి కనబడకపోతే ‘చెడు రక్తం లోపలే ఉండిపోతుంది’ అని పక్కింటివాళ్లు అంటారు. పొర పెరగనప్పుడు రాలడానికి ఏమీ ఉండదు, లోపల నిలవడానికీ ఏమీ ఉండదు.

తెల్లబట్టకు గర్భసంచి తీయడం వైద్యం కాదు. నెల మధ్యలో నీళ్లలా, గుడ్డు తెల్లసొనలా వచ్చేది ఆరోగ్యమే. దురద, వాసన, పెరుగు విరిగినట్లు రావడం ఉంటే ఇన్ఫెక్షన్, మందులతో పోతుంది, కొన్నింటికి భర్త కూడా వాడాలి. ‘గర్భసంచి మూతికి పుండు’ అని చెప్పేది కూడా చాలామందిలో పుండు కాదు. మూతి లోపలి ఎర్రటి పొర బయటికి కనిపించడం, అంతే.

క్యాన్సర్ మాట ఎత్తారు కాబట్టి దానికి సరైన దారి చెబుతాను. గర్భసంచికి వచ్చే క్యాన్సర్లలో మన ఆడవాళ్లలో ఎక్కువగా చూసేది గర్భసంచి మూతి క్యాన్సర్. హెచ్‌పీవీ అనే వైరస్ లోపల ఏళ్ల తరబడి ఉండిపోవడం వల్ల వస్తుంది. వైరస్ సోకడానికి, క్యాన్సర్‌గా ముదరడానికి మధ్య సాధారణంగా పది, పదిహేనేళ్లు పడుతుంది. ఆ పదిహేనేళ్లూ మనకు దొరికిన అవకాశమే. 30 దాటిన ప్రతి స్త్రీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అయిదేళ్లకోసారి గర్భసంచి మూతి పరీక్ష చేయించుకోవచ్చు. మూతి మీద పలచని ఆసిటిక్ ఆమ్లం రాసి, ఒక నిమిషం ఆగి చూస్తారు, తెల్లమచ్చ కనబడితే ముందుకు వెళతారు. పాప్ పరీక్ష (మూతి నుంచి కణాలు తీసి చూసేది), హెచ్‌పీవీ పరీక్ష (ఆ వైరస్ ఉందేమో చూసేది) అందుబాటులో ఉంటే ఇంకా మంచిది. మీకు ఇందులో ఏదీ చేయలేదు. క్యాన్సర్ వస్తుందని గర్భసంచి తీస్తామన్నవాళ్లు క్యాన్సర్ పరీక్ష చేయలేదు, చూశారా? ఇంకొకటి, లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష. 45 దాటినవారికి తప్పనిసరి. అధిక బరువు, ఏళ్ల తరబడి క్రమం తప్పిన నెలసరి, మందులకు లొంగని రక్తస్రావం ఉంటే అంతకంటే చిన్న వయసులోనూ చేయాలి.

అండాశయాల దగ్గర మాత్రం నేను చాలా గట్టిగా చెబుతాను. మీ వయసులో, మీ కుటుంబంలో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ చరిత్ర లేనప్పుడు, ఆరోగ్యంగా ఉన్న అండాశయాలను ‘ఎలాగూ పొట్ట తెరిచాం కదా’ అని తీయించుకోవద్దు. నెలసరి ఆగిపోయే వయసు మన దేశంలో సగటున 46, 47. అప్పటిదాకా అవి ఎముకలకు, గుండెకు, రక్తనాళాలకు, మెదడుకు, యోని చర్మానికి, మూత్రాశయానికి ఈస్ట్రోజెన్ పంపుతూనే ఉంటాయి. వాటిని తీసేస్తే ఆ వయసు మెల్లగా రాదు, మత్తు దిగిన వారంలోనే వచ్చిపడుతుంది. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచినా, వాటికి రక్తం అందించే దారుల్లో ఒకటి గర్భసంచి ధమని నుంచే వస్తుంది, ఆపరేషన్‌లో అది తెగుతుంది. అందుకే కొందరికి అండాశయాలు రెండు, మూడేళ్లు ముందుగానే అలసిపోతాయి.

గర్భసంచి తీశాక ఆపరేషన్ గది తలుపు దగ్గర స్టీలు ట్రేలో పెట్టి బంధువులకు చూపించడం మన దగ్గర ఆనవాయితీ. ‘చూడండి, ఎంత పాడైపోయిందో’ అంటారు. భర్త, తల్లి తలలూపుతారు. రక్తంతో తడిసిన ఏ గర్భసంచి అయినా చూడటానికి అలాగే ఉంటుంది. అది పాడైందో లేదో చెప్పేది వారం తర్వాత వచ్చే పాథాలజీ రిపోర్టు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, పని చేసిన ఒక చోట, ఎవరూ తీసుకెళ్లని ఆ రిపోర్టుల కట్ట ఒకటి నా చేతికి వచ్చింది. ఒక్కొక్కటీ తిరగేశాను. చాలావాటిలో ఉన్నది ఒకటే: పొర మామూలు, కండరం మామూలు, మూతి దగ్గర పాత వాపు. వయసులు 29, 33, 35. వాటిలో రెండు నేను సహాయకురాలిగా నిలబడిన ఆపరేషన్లవే. ఆ రోజు నుంచి, కారణం రాయకుండా నేను ఎవరికీ ఆ ఆపరేషన్ చేయలేదు.

అలాగని అవసరమైనవాళ్లు ఆలస్యం చేయకూడదు. క్యాన్సర్ తేలితే, మూడు, నాలుగు నెలల గర్భమంత పెరిగిన గడ్డలు మందులకు, లూప్‌కు లొంగక మనిషిని కుదేలు చేస్తుంటే, అడినోమయోసిస్ నొప్పితో నెలకు వారం మంచం పడుతుంటే, గర్భసంచి పూర్తిగా బయటికి జారిపోతే, కాన్పులో మాయ గోడలోకి పాతుకుపోయి రక్తం ఆగకపోతే, గర్భసంచి తీయడమే సరైన పని కావచ్చు, కొన్నిసార్లు ప్రాణం నిలిపేదీ అదే. 44 ఏళ్ల టీచరుగారు ఒకరు మూడేళ్లు మాత్రలతోనే నెట్టుకొచ్చారు, రెండుసార్లు రక్తం ఎక్కించుకున్నారు. ఆవిడను ఒప్పించింది నేనే. అండాశయాలు ఉంచి గర్భసంచి తీశాం. ‘ఇంత ముందే చేయించుకుని ఉంటే బాగుండేది’ అన్నారు, నిజమే అన్నాను. గర్భసంచి జారినవారికి కూడా వయసు, స్థాయిని బట్టి కటి కండరాల వ్యాయామాలు, లోపల పెట్టే రింగు, గర్భసంచిని ఉంచి పైకి కుట్టే ఆపరేషన్ అని వేర్వేరు దారులున్నాయి.

మీకు మీరుగా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గుర్తులు కూడా చెబుతాను. గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతూ రెండు, మూడు గంటలు గడిస్తే, కళ్లు తిరిగి పడిపోతే, కలయిక తర్వాత రక్తం కనబడితే, ఆలస్యం చేయకండి. కు.ని. ఆపరేషన్ అయినా సరే, నెలసరి తప్పి పొత్తికడుపులో ఒకవైపు నొప్పితో రక్తం కనబడితే ముందు గర్భ పరీక్ష చేయించండి. ఆ ఆపరేషన్ తర్వాత అరుదుగా గర్భం వచ్చినప్పుడు అది గర్భసంచిలో కాక, అండం వచ్చే గొట్టంలో నిలిచే అవకాశం ఎక్కువ.

డాక్టరు దగ్గరకు తిరిగి వెళ్లినప్పుడు గొడవ పెట్టుకోనక్కర్లేదు. ‘అమ్మా, నాకు రక్తం పోవడానికి కారణం ఏమిటని రాస్తారు? మందులతో మూడు నెలలు చూడవచ్చా? హార్మోను లూప్ నాకు పనికొస్తుందా? తీయాల్సే వస్తే అండాశయాలు ఉంచుతారా?’ అని అడగండి. ఓపికగా జవాబు చెప్పే డాక్టరైతే అక్కడే ఉండండి. ‘నీకేం తెలుసు’ అంటే కాగితాలన్నీ తీసుకుని దగ్గరలోని బోధనాసుపత్రికి వెళ్లండి. ఆ కాగితాలు అడిగి తీసుకునే హక్కు మీకుంది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో పేద స్త్రీలకు అవసరం లేకుండా చేసిన ఆపరేషన్ల మీద ప్రజారోగ్య కార్యకర్త డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో వేసిన వ్యాజ్యంలో, వాటిని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది.

అత్తగారితో ఇలా చెప్పి చూడండి: ‘పత్తి పనులు అయ్యేదాకా మందులు వాడతాను అత్తయ్యా, తగ్గకపోతే అప్పుడు ఆలోచిద్దాం.’ పెద్ద కోత ఆపరేషన్ అయితే ఎలాగూ ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు, పత్తి మూటలు అసలే ఎత్తకూడదు. ఆ లెక్క ఆవిడకు కూడా అర్థమవుతుంది.

ఇప్పుడు మీ అక్క. ఆవిడకు ‘ఏమీ కాలేదు’ అన్నారు. 39 ఏళ్ల మనిషికి ఆవిర్లు, నిద్ర లేకపోవడం, కీళ్ల నొప్పులు, ఇవి ఈస్ట్రోజెన్ లేక శరీరం పడుతున్న అవస్థ. ఆవిడకు దీనికి వైద్యం ఉందని కూడా ఎవరూ చెప్పి ఉండరు. 52 ఏళ్లకు స్నానాల గదిలో జారి అరచెయ్యి ఆనించుకుంటే మణికట్టు విరిగినావిడ ఒకరు నా దగ్గరకు వచ్చారు, ఎముకల డాక్టరు పంపించారు. ‘అంత చిన్న దెబ్బకు విరగాలా?’ అని అడిగారు. చీర కొంగు పక్కకు జరిపి, పొట్ట మీది పాత కోత చూపించారు. 31 ఏళ్లకు అన్నీ తీసేశారు. ఇరవై ఏళ్లు ఆ ఎముకలకు ఏ రక్షణా లేదు, ఆ ఇరవై ఏళ్లలో ఒక్క డాక్టరూ ‘అండాశయాలు కూడా తీశారా?’ అని ఆవిడను అడగలేదు.

మీ అక్కకు ఇంకా సమయం ఉంది. చిన్న వయసులో అండాశయాలు పోయినవారికి, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టిన చరిత్ర లాంటి అడ్డంకులు లేకపోతే, సహజంగా నెలసరి ఆగే వయసు వరకు, దాదాపు 50 దాకా, ఈస్ట్రోజెన్ ఇవ్వడమే సరైన వైద్యం. గర్భసంచి లేదు కాబట్టి సాధారణంగా రెండో హార్మోను, అంటే లోపలి పొరను కాపాడే ప్రొజెస్టెరాన్, కలపనవసరం లేదు. ఆవిర్లు, నిద్ర కొద్ది వారాల్లోనే తేడా తెలుస్తుంది, ఎముకలకు రక్షణ మొదలవుతుంది. ఎముకల సాంద్రత పరీక్ష ఒకటి, ఏడాదికోసారి బీపీ, షుగరు, కొలెస్టరాల్ చూపించాలి. పాలు, పెరుగు, రాగి జావ, నువ్వులు, మునగాకు ఏదో ఒకటి రోజూ తినాలి, కాస్త ఎండ తగలాలి, నడక ఉండాలి. కాన్పుల్లో షుగరు గానీ బీపీ గానీ వచ్చిందేమో అడగండి. అలా వచ్చినవారికి తర్వాతి జీవితంలో షుగరు, గుండె జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. ఈ ప్రశ్న మీకూ వర్తిస్తుంది.

ఒక పని చేయండి. అక్క ఇంట్లో ఆ ఆపరేషన్ డిశ్చార్జి కాగితం ఉందేమో వెతికించండి. రెండు విషయాలు చూడాలి: రెండు అండాశయాలూ తీశారా, ఒకటేనా, గర్భసంచి మూతి కూడా తీశారా, ఉంచారా. మూతి ఉంచి ఉంటే ఆవిడకు కూడా క్యాన్సర్ పరీక్ష కొనసాగాలి. కాగితం మీద ఏముందో అక్షరం అక్షరం ఇక్కడ రాయండి. మీ లోపలి స్కానింగ్, థైరాయిడ్ రిపోర్టు వచ్చాక అవి కూడా రాయండి, చూసి చెబుతాను.